మార్కులు మ్యాథ్స్‌లో, మనసు సైకాలజీ మీద: డిగ్రీలో ఏం తీసుకోవాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు పదిహేడేళ్లు. ఇంకొద్ది నెలల్లో కాలేజీలో చేరాలి. మ్యాథ్స్‌లో ఎప్పుడూ మంచి మార్కులే వస్తాయి, కానీ పరీక్ష అంటే విపరీతమైన టెన్షన్. ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు. అసలు నాకు మ్యాథ్స్ రాదేమో, ఎలాగో నెట్టుకొస్తున్నానేమో అనిపిస్తుంది. భాషల్లో ఇంకా ఎక్కువ మార్కులొస్తాయి. నాన్న కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటున్నారు. మా పెదనాన్నగారి అబ్బాయి అదే చదివి బాగా స్థిరపడ్డాడు. నాకేమో సైకాలజీ ఇష్టం. మనుషులు ఎందుకలా ప్రవర్తిస్తారో చెప్పే వీడియోలు గంటల తరబడి చూస్తాను. ఫ్రెండ్స్ తమ బాధలన్నీ నాతోనే చెప్పుకుంటారు. పైగా అందులో మ్యాథ్స్ ఉండదు కదా. కానీ అది చదివితే ఉద్యోగాలు రావని అందరూ అంటున్నారు. ఆన్‌లైన్‌లో ఒక టెస్ట్ రాస్తే నాది ‘సోషల్ టైప్’ అని వచ్చింది. ఇష్టమైనది తీసుకోవాలా, బాగా వచ్చినది తీసుకోవాలా? తప్పు ఎంచుకుంటే జీవితాంతం అనుభవించాలేమో అని భయంగా ఉంది.
— ఒక విద్యార్థిని

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం చదువుతూ ‘పైగా అందులో మ్యాథ్స్ ఉండదు కదా’ అన్న చోట ఆగిపోయాను. ఉంటుందమ్మా. సైకాలజీ డిగ్రీలో స్టాటిస్టిక్స్, పరిశోధన పద్ధతులు దాదాపు అన్నిచోట్లా తప్పనిసరి పేపర్లు. మనుషుల గురించి చదువుకుందామని ఉత్సాహంగా చేరిన పిల్లలు చాలామంది సరిగ్గా ఇక్కడే కంగు తింటారు. అందుకే నీ మిగతా ప్రశ్నల కంటే ముందు దీని సంగతి చూద్దాం. రెండు సబ్జెక్టుల మధ్య నలిగిపోతున్నానని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం ఆ రెండిట్లో ఏదీ లోపల ఎలా ఉంటుందో నీకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదని అనిపిస్తోంది. పేర్లు చూసి ఎంచుకోమంటే ఎవరికైనా భయమే వేస్తుంది.

సైకాలజీ విడిగా ఒక శాస్త్రంగా నిలబడిందే కొలతల మీద. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పుడు అక్కడ ఎవరి బాధలూ వినలేదు. ఒక చప్పుడు వినపడగానే మనిషి స్పందించడానికి ఎంత సమయం పడుతుందో సెకనులో వెయ్యో వంతు లెక్కన కొలిచేవాళ్లు. ఇవాళ స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లూ నేర్చుకునే ర్యాంక్ కోరిలేషన్ (రెండు వరుస క్రమాలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే లెక్క) ఒకటుంది. దాన్ని 1904లో ప్రతిపాదించిన చార్లెస్ స్పియర్‌మన్ సైకాలజిస్టే. సర్వే ఫారాల్లో ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా ఐదు గడులు ఉంటాయి చూడు, ఆ పద్ధతిని 1932లో తెచ్చిన రెన్సిస్ లైకర్ట్ కూడా సైకాలజిస్టే. మనసు కంటికి కనిపించదు కాబట్టి దాని గురించి ఏ మాట చెప్పాలన్నా అంకెల సాయం కావాలి.

సైకాలజీ చదివే అమ్మాయి ఒక వారంలో ఏం చేస్తుందో ఊహించు. పరిశోధన వ్యాసాలు చదువుతుంది. ప్రశ్నావళి తయారు చేస్తుంది. పదిమందిని బతిమాలి ప్రయోగానికి కూర్చోబెడుతుంది. వచ్చిన అంకెలు పట్టికలో వేసి, రెండు గుంపుల మధ్య కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా అని లెక్క కడుతుంది. తర్వాత రాస్తుంది, గైడ్ దిద్దితే మళ్లీ రాస్తుంది. నువ్వు చూసే పది నిమిషాల వీడియో వెనక ఇలాంటి నెలల పని ఉంటుంది. వీడియోలో మనకు దొరికేది చివరి ఫలితం. డిగ్రీలో నీ చేతికి వచ్చేది ఆ ముందు పని.

కంప్యూటర్ సైన్స్ సంగతీ ఇంతే. కంప్యూటర్ బాగా వాడటం రావడానికీ, ఆ చదువుకీ పెద్దగా సంబంధం లేదు. సెట్లు, గ్రాఫులు, తర్కం, సంభావ్యత లాంటి గణితం, డేటా స్ట్రక్చర్లు, ఆల్గరిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, వీటన్నిటితో పాటు బోలెడంత ప్రోగ్రామింగ్ ఉంటాయి. ప్రోగ్రామింగ్‌లో ఎక్కువ సమయం కొత్తది రాయడానికి కాదు, రాసింది ఎందుకు పనిచేయడం లేదో వెతకడానికి పోతుంది. ఒక చిన్న తప్పు కోసం మధ్యాహ్నమంతా స్క్రీన్ ముందు కూర్చోవాల్సి వస్తుంది. అది దొరికిన క్షణంలో కలిగే ఆనందం కోసమే ఆ పనిని ప్రేమించేవాళ్లున్నారు. ఆ మధ్యాహ్నం గడవక తల పట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిలోనూ తెలివికి లోటు ఉండదు.

మీ అన్నయ్య ఇప్పుడెలా ఉన్నాడో నీకు తెలుసు. చదివేటప్పుడు రోజూ ఏం చేశాడో తెలుసా? ఈసారి కలిసినప్పుడు అడుగు. ‘కోర్సు బాగుంటుందా అన్నయ్యా?’ అని అడిగితే ‘బాగుంటుంది’ అంటాడు, అక్కడితో అయిపోతుంది. ‘ఏ పేపర్ చదవడానికి విసుగొచ్చేది? ఏ అసైన్‌మెంట్ కోసం ఎవరూ అడక్కుండానే రాత్రి మేలుకున్నావు? నీతో చేరినవాళ్లలో ఎవరు మానేశారు, ఎందుకు?’ అని అడుగు. ఇవే ప్రశ్నలు సైకాలజీ రెండో ఏడాదో, మూడో ఏడాదో చదువుతున్న ఒకరిద్దరిని వెతికి పట్టుకుని అడుగు. మొదటి ఏడాది వాళ్లకి ఇంకా కొత్త మోజు ఉంటుంది. చదువు ముగించి చాలా ఏళ్లయినవాళ్లకి కష్టం మర్చిపోయి ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్ల మాటే నీకు పనికొస్తుంది.

ఇక ఇష్టం గురించి. చాలామంది ఇష్టం అంటే మనలో ముందే ఎక్కడో దాగి ఉంటుందని, దాన్ని కనిపెట్టడమే మన పని అని అనుకుంటారు. పాల్ ఒకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే ముగ్గురు పరిశోధకులు 2018లో ఈ నమ్మకం మీద కొన్ని అధ్యయనాలు ప్రచురించారు. ఒక అధ్యయనంలో విద్యార్థులకు ముందు కృష్ణ బిలాల (బ్లాక్ హోల్స్) గురించి ఆకట్టుకునే వీడియో చూపించారు. వాళ్లకి ఆసక్తి కలిగాక, అదే విషయం మీద కష్టమైన శాస్త్ర వ్యాసం ఇచ్చారు. ఆసక్తి అనేది ముందే ఖాయమై ఉంటుందని నమ్మినవాళ్లకి వ్యాసం కష్టంగా తగలగానే ఉత్సాహం ఎక్కువగా పడిపోయింది. ఆసక్తి పెంచుకుంటే పెరుగుతుందని నమ్మినవాళ్లలో అంత పడిపోలేదు. నీ వీడియోల సంగతి విన్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఇదే. సైకాలజీ మీద నీ ఇష్టం అబద్ధమని నేననడం లేదు. అది ఇంకా వీడియో దగ్గరే ఉంది, వ్యాసం దాకా రాలేదు. అది వ్యాసాన్ని తట్టుకుంటుందో లేదో చూడాలి.

ఫ్రెండ్స్ నీతో మనసు విప్పి మాట్లాడటం చిన్న విషయం కాదు. తొందరపడకుండా, తీర్పు చెప్పకుండా వినే గుణం అందరికీ ఉండదు. అది ఏ వృత్తిలోకి వెళ్లినా నీ వెంటే వస్తుంది. డాక్టరైనా, టీచరైనా, టీమ్‌ని నడిపే ఇంజనీరైనా ఆ గుణం ఉన్నవాళ్లు వేరుగా కనిపిస్తారు. కానీ అది ఉందన్న ఒక్క కారణంతో సైకాలజీ డిగ్రీ నీకు నప్పుతుందని చెప్పలేను. వినే పనే వృత్తిగా కావాలంటే, అంటే కౌన్సెలింగ్ లేదా క్లినికల్ సైకాలజీ చేయాలంటే, చాలా దేశాల్లో డిగ్రీ సరిపోదు. దాని మీద పీజీ, పర్యవేక్షణలో శిక్షణ, కొన్నిచోట్ల డాక్టరేట్, ఆపైన లైసెన్స్ కావాలి. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే దారే వేరు, ముందు వైద్యవిద్య చదవాలి. ఈ తేడా తెలియక డిగ్రీ చివర్లో నిరాశపడినవాళ్ల ఉత్తరాలు నాకు వస్తుంటాయి. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

‘అసలు నాకు మ్యాథ్స్ రాదేమో’ అన్నావు. మార్కులు ఒకటి చెబుతుంటే నీ మనసు ఇంకోటి చెబుతోంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చని నాకనిపిస్తోంది. రెండూ పరిశోధకులు బాగా పరిశీలించినవే.

మొదటిది పోలిక. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనోవైజ్ఞానికుడు 1986లో ఒక వింత సంగతిని వివరించాడు. మ్యాథ్స్‌లో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు సాధారణంగా భాషల్లో కూడా మంచి మార్కులే తెచ్చుకుంటారు. కానీ ‘నేను మ్యాథ్స్‌లో గట్టిదాన్ని’, ‘నేను భాషల్లో గట్టిదాన్ని’ అనే నమ్మకాలు మాత్రం అలా కలిసి పెరగవు. ఎందుకంటే మనం మనల్ని పక్కవాళ్లతోనే కాదు, మనలోని ఇంకో సామర్థ్యంతో కూడా పోల్చుకుంటాం. భాషల్లో నీకు ఇంకా ఎక్కువ వస్తున్నాయి కాబట్టి మ్యాథ్స్ నీ కంటికి తక్కువగా కనిపిస్తోంది. నీ తరగతిలో మిగతావాళ్ల పక్కన పెట్టి చూస్తే అది తక్కువ కాదు. సబ్జెక్టు ఎంచుకునే వేళ ఈ పోలిక చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. రెండిట్లో కొంచెం తక్కువ వచ్చినదాన్ని అసలు రానిదాని కింద కట్టి పక్కన పెట్టేస్తారు.

రెండోది టెన్షన్. మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, మ్యాథ్స్ అంటే భయపడేవాళ్లకి లెక్క చేసే సమయంలో తాత్కాలిక జ్ఞాపకశక్తి తగ్గుతుందని తేలింది. అంటే ‘ఒకటి వేసుకుని మిగతాది కూడితే’ అని మనసులో అంకెలు పట్టుకునే చోటుని ఆందోళన ఆక్రమించేస్తుంది. ఇది లెక్కల సామర్థ్యం లేకపోవడం కాదు. ఉన్న సామర్థ్యం ఆ అరగంట సేపు అందుబాటులో లేకపోవడం. అంత భయంలోనూ నీకు మంచి మార్కులు వస్తున్నాయంటే నీ చేతిలో ఉన్నది నువ్వనుకుంటున్న దానికంటే ఎక్కువే. పరీక్ష లేనప్పుడు, గడియారం లేనప్పుడు, ఒక్కదానివే కూర్చుని లెక్క చేస్తుంటే ఎలా ఉంటుందో గమనించు. అప్పుడు కూడా రోతగా ఉంటే మ్యాథ్స్ నీకు ఇష్టం లేదని ఒప్పుకుందాం. అప్పుడు హాయిగా ఉంటే, నువ్వు పారిపోవాలనుకుంటున్నది పరీక్ష నుంచి. దానికి వేరే మందుంది, దానికోసం సబ్జెక్టు మార్చుకోనక్కర్లేదు. నిద్ర పట్టని రాత్రుల గురించి మాత్రం ఊరుకోవద్దు. స్కూల్లో కౌన్సెలర్ ఉంటే వెళ్లి మాట్లాడు, లేకపోతే నువ్వు నమ్మే టీచర్‌తో మాట్లాడు. ఏ సబ్జెక్టు తీసుకున్నా పరీక్షలు తప్పవు కదా.

బడిలో వచ్చిన మార్కులు కాలేజీలో నచ్చుతుందన్న హామీ ఇవ్వవని కూడా చెప్పాలి. అమెరికా విద్యాశాఖ గణాంక విభాగం 2017 డిసెంబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీలో చేరి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ప్రకటించినవాళ్లలో దాదాపు 33 శాతం మంది మూడేళ్లలోపు కనీసం ఒక్కసారైనా దాన్ని మార్చుకున్నారు. అన్నిటికంటే ఎక్కువగా మారినవాళ్లు ఎవరో తెలుసా? మ్యాథ్స్‌తో మొదలుపెట్టినవాళ్లు, 52 శాతం. బడిలో మ్యాథ్స్ అంటే ఎక్కువగా సూత్రం పట్టి జవాబు రాబట్టడం. కాలేజీలో అది ‘ఇది ఎందుకు నిజం?’ అని నిరూపించడంగా మారుతుంది. పేరు అదే అయినా పని మారిపోయింది. ఆ పని ముందే రుచి చూసి ఉంటే కొందరైనా వేరేగా ఆలోచించేవాళ్లని నా నమ్మకం.

ఆన్‌లైన్ టెస్ట్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. నువ్వు రాసింది బహుశా జాన్ హాలండ్ ఆలోచన మీద తయారైనదే. ఆయన 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతంలో ఆసక్తులు ఆరు రకాలు, వాటిలో సోషల్ ఒకటి. అలాంటి టెస్టులు ఎక్కువగా అడిగేది ఏ పనులు ఇష్టమని, ఏ పనులు నిజంగా చేయగలవో అవి పరీక్షించవు. ఇప్పటిదాకా చేయని పని గురించి అడిగితే నువ్వు ఊహించి జవాబిస్తావు. నువ్వు ఆలోచించని దారి ఏదైనా అందులో కనిపిస్తే దాన్ని రాసి పెట్టుకో. తీర్పుగా మాత్రం తీసుకోకు. పైగా ఆ టెస్టుల్లో నీకు ఎక్కువ స్కోరు వచ్చిన మొదటి మూడు రకాలూ కలిపి చూడాలి, ఒక్క ‘సోషల్’ అన్న మాట నీ గురించి చెప్పేది చాలా తక్కువ.

మరి ఏం చేయాలి? నీకు ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. అందులో ఒక నెల తీసుకుని రెండు సబ్జెక్టుల పనీ నిజంగా చేసి చూడు. ఆలోచిస్తూ కూర్చుంటే ఇది తేలదు. నీళ్లలో దిగకుండా ఈత వస్తుందో రాదో ఒడ్డు మీద నుంచి చెప్పలేం.

నేనైతే నీకు ఇలా చెబుతాను. స్ట్రూప్ ప్రయోగం అని ఒకటుంది, 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించింది. ‘ఎరుపు’ అనే మాటని నీలం రంగుతో, ‘పచ్చ’ అనే మాటని ఎరుపు రంగుతో, ఇలా కొన్ని మాటలు ఒక కాగితం మీద రాయి. ఇంకో కాగితం మీద అన్నే రంగు చుక్కలు పెట్టు. ఒక్కొక్కరినీ పిలిచి, రెండు కాగితాల మీదా రంగు పేర్లే చెప్పమను, మాట చదవొద్దను. ఎంత సమయం పట్టిందో ఫోన్‌లో కొలువు. మాటలున్న కాగితం దగ్గర దాదాపు అందరూ తడబడతారు. చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా ఆపలేం. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు.

పదిహేను, ఇరవై మందితో చేయించు. ఇంట్లోవాళ్లూ, ఫ్రెండ్సూ చాలు. సగం మందికి ముందు చుక్కలు, సగం మందికి ముందు మాటలు ఇవ్వాలి. అలా ఎందుకు చేయాలో నువ్వే ఆలోచించు, అదే పరిశోధన పద్ధతుల పేపర్‌లో మొదటి పాఠం. వచ్చిన సమయాలు పట్టికలో వేసి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (సమయాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) కట్టు. తర్వాత రెండు పేజీలు రాయి: ఏం చేశావు, ఏం వచ్చింది, ఎక్కడ తప్పు జరిగి ఉండొచ్చు. ఇది సైకాలజీ విద్యార్థి చేసే పనికి చిన్న నమూనా. తర్వాత ఇవే లెక్కలు చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయడానికి ప్రయత్నించు. ఇంకా ఓపికుంటే స్క్రీన్ మీద రంగు మాటలు చూపించి, మీట నొక్కే సమయాన్ని కొలిచే ప్రోగ్రామ్ రాయి. అది కంప్యూటర్ సైన్స్ వైపు రుచి. నేర్చుకోవడానికి మెటీరియల్ కావాలంటే, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ 2001లో ప్రకటించి మొదలుపెట్టిన ఓపెన్ కోర్స్‌వేర్‌లో సైకాలజీ పరిచయం, పైథాన్‌తో ప్రోగ్రామింగ్ పరిచయం రెండూ ఉచితంగా దొరుకుతాయి. వీడియోలు చూసి వదిలేయకు, అసైన్‌మెంట్లు కూడా చేయి.

ఈ నెలంతా ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకో. ‘నచ్చింది, నచ్చలేదు’ అని రాయొద్దు. ఎక్కడ ఇరుక్కున్నావు, ఇరుక్కున్నప్పుడు ఏం చేశావు, అది రాయి. ఫోన్ తీసుకుని వేరే పనిలో పడ్డావా? భోజనం చేస్తుంటే కూడా అదే గుర్తొచ్చిందా? మర్నాడు మళ్లీ దాని దగ్గరికి నువ్వే వెళ్లావా, ఎవరైనా గుర్తు చేయాల్సి వచ్చిందా? నువ్వు అడిగిన ‘ఇష్టమా, సామర్థ్యమా’ అనే ప్రశ్నకి నా జవాబు ఈ నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది. కష్టమైనప్పుడు కూడా మళ్లీ వెళ్లాలనిపించే పనిలో ఇష్టం ఉంటుంది, మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల సామర్థ్యం పెరుగుతుంది. సులువుగా ఉన్నప్పుడు అన్ని సబ్జెక్టులూ బాగానే ఉంటాయి. నాలుగేళ్ల చదువులో సులువైన రోజులు తక్కువ.

ఆ తర్వాత, నువ్వు చేరాలనుకునే రెండు మూడు కాలేజీల సిలబస్‌లు దించుకో. మొదటి ఏడాది పేపర్లు చూసి మురిసిపోవద్దు, అవి అందరికీ పరిచయాలే. మూడో ఏడాది పేపర్ల పేర్లు చదువు. అందులో ‘ఇది ఏంటో తెలుసుకోవాలి’ అనిపించేవి ఎన్ని, ‘అమ్మో’ అనిపించేవి ఎన్ని? పాత ప్రశ్నపత్రాలు దొరికితే తెచ్చుకుని చదువు. జవాబులు రాకపోయినా ఫర్వాలేదు, ఆ ప్రశ్నలు నీకు ప్రశ్నల్లాగే అనిపిస్తున్నాయా లేదా చూడు.

ఉద్యోగాల మాటకి వస్తాను. నీ చుట్టూ అందరూ అంటున్నదాంట్లో కొంత నిజం ఉంది. సైకాలజీ ఒక్క డిగ్రీతో ‘సైకాలజిస్ట్’ అనే ఉద్యోగం చాలాచోట్ల రాదు. కానీ ఆ డిగ్రీతో మానవ వనరుల విభాగాల్లో, మార్కెట్ పరిశోధనలో, బోధనలో, యాప్‌లూ వెబ్‌సైట్లూ వాడేవాళ్ల అవసరాలు తెలుసుకునే యూజర్ రీసెర్చ్‌లో పనిచేసేవాళ్లున్నారు. వాళ్లలో స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్లకి దారులు ఎక్కువ. మ్యాథ్స్‌ని తప్పించుకోవడానికి సైకాలజీ తీసుకుంటే, అందులో బాగా బతకడానికి పనికొచ్చే సామానే నువ్వు బయట పడేసినట్టవుతుంది. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నీలాగా మాటలూ, అంకెలూ రెండూ వచ్చే పిల్లకి ఆ సబ్జెక్టులో ఎంత చోటుందో నీకే తెలియడం లేదని చెబుతున్నాను.

కంప్యూటర్ సైన్స్‌కి ఇవాళ ఉన్న డిమాండే నువ్వు చదువు ముగించే నాటికీ ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు. 2000లో డాట్‌కామ్ బుడగ పగిలాక, అంటే ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక, అమెరికాలో ఆ కోర్సులో చేరేవాళ్ల సంఖ్య కొన్నేళ్ల పాటు బాగా పడిపోయింది, తర్వాతి దశాబ్దంలో మళ్లీ విపరీతంగా పెరిగింది. గిరాకీ చూసి చేరినవాళ్లు కొందరు గిరాకీ లేనప్పుడు బయటికొచ్చారు. అలాగని ఆ చదువుకి విలువ లేదనడం లేదు. మామూలుగా అది తొందరగా సంపాదనలో పెడుతుంది, నాన్నగారి ఆలోచనకి ఆధారముంది. అన్నయ్య స్థిరపడ్డాడు కాబట్టి నువ్వూ స్థిరపడతావన్నది మాత్రం ఆధారం కాదు. అన్నయ్యకి ఆ పని నప్పింది, అంతవరకే మనకు తెలుసు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ‘నాకు ఇష్టం’ అనే ఒక్క మాటతో వెళ్లకమ్మా. ఆయనకి అది పట్టుదలలా వినిపిస్తుంది. ఆయన భయం నీ కడుపు నిండుతుందా, నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావా అని. ఆ భయానికి జవాబు తీసుకుని వెళ్లు. నీ నోట్‌బుక్ చూపించు, నువ్వు చేసిన ప్రయోగం చూపించు. సైకాలజీ తీసుకుంటే మొత్తం ఎన్నేళ్లు చదవాలి, ఎంత ఖర్చవుతుంది, మధ్యలో ఆపాల్సి వస్తే ఏ పని చేయగలవు, ఇవి కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. ‘నాన్నా, నాకోసం మీరు దేని గురించి ఎక్కువ దిగులు పడుతున్నారు?’ అని నువ్వే అడిగి, చెప్పినంతసేపూ అడ్డు రాకుండా విను. ఫ్రెండ్స్ దగ్గర నీకున్న ఆ ఓపిక ఇంట్లో కూడా పనిచేస్తుంది. మొదటి రోజే ఒప్పుకోకపోవచ్చు. లెక్కలు వేసుకుని వచ్చిన కూతురిని చాలామంది నాన్నలు సీరియస్‌గానే తీసుకుంటారు.

ఈ రెండు సబ్జెక్టుల మధ్య నువ్వనుకున్నంత గోడ లేదు. ఇవాళ కృత్రిమ మేధ గురించి మాట్లాడితే ముందు వినిపించే పేర్లలో జెఫ్రీ హింటన్ ఒకటి. ఆయన 1970లో కేంబ్రిడ్జ్‌లో తీసుకున్న డిగ్రీ ప్రయోగాత్మక సైకాలజీలో. ఆ డిగ్రీకి వచ్చేలోపు కూడా వేరే సబ్జెక్టులు మార్చి చూశాడు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2018 సంవత్సరానికి మరో ఇద్దరితో కలిసి అందుకున్నాడు, 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. డేనియల్ కానమన్ జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో సైకాలజీ ప్రధానంగా, మ్యాథ్స్ అనుబంధంగా చదివి 1954లో డిగ్రీ తీసుకున్నాడు. 2002లో ఆయనకి వచ్చింది అర్థశాస్త్రంలో నోబెల్. నువ్వూ అంతవుతావని ఆశ పెట్టడానికి వీళ్ల పేర్లు చెప్పలేదు. మనసు గురించి కుతూహలం, అంకెల మీద పట్టు రెండూ కలిసినచోట ఏకంగా కోర్సులే ఉన్నాయని నీకు తెలియాలి. కాగ్నిటివ్ సైన్స్ (మనసు ఎలా ఆలోచిస్తుందో పరిశీలించే శాస్త్రం), స్టాటిస్టిక్స్, మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య జరిగే వ్యవహారాన్ని చదివే కోర్సులు, సైకాలజీ ప్రధానంగా కంప్యూటర్ సైన్స్ మైనర్‌గా (అనుబంధంగా) ఉన్నవి, ఇవేవీ నీ ఉత్తరంలో లేవు. నీకు అందుబాటులో ఉన్న కాలేజీల్లో వీటిలో ఏవున్నాయో వెతుకు.

తప్పు ఎంచుకుంటే జీవితాంతం అనుభవించాలేమో అన్నావు. పదిహేడేళ్లప్పుడు అలాగే అనిపిస్తుంది. జోర్డి క్వాయిడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, టిమోతీ విల్సన్ 2013లో ప్రచురించిన పరిశోధనలో పద్దెనిమిది నుంచి అరవై ఎనిమిదేళ్ల మధ్య వయసున్న పందొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్నారు. గత పదేళ్ల గురించి అడిగినవాళ్లు తమ అభిరుచులూ, విలువలూ బాగా మారాయని చెప్పారు, రాబోయే పదేళ్ల గురించి అడిగినవాళ్లు అంతగా మారవని చెప్పారు. అన్ని వయసుల్లోనూ ఇదే కనిపించింది. కాబట్టి ఇరవై ఏడేళ్లకి నీకు ఏం నచ్చుతుందో ఇప్పుడే తేల్చాలని చూడకు, తేలదు. అయితే సబ్జెక్టు మార్చుకోవడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల మొదటి ఏడాది తర్వాత సులువుగా మారొచ్చు, కొన్నిచోట్ల మళ్లీ మొదటి నుంచి చేరాలి. అప్పటిదాకా చదివిన క్రెడిట్లు లెక్కలోకి వస్తాయా, ఫీజు పోతుందా, మారడానికి ఎన్ని మార్కులు కావాలి, ఇవన్నీ చేరకముందే ఆఫీసులో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తెచ్చుకో. మార్చుకోవడానికి వీలు తక్కువగా ఉన్న కాలేజీ అయితే మరీ ఇరుకైన కోర్సు కంటే కొంచెం విశాలమైనది తీసుకోవడం మంచిది.

నా అభిప్రాయం సూటిగా చెప్పమంటే: నీ ఉత్తరం చూస్తే స్టాటిస్టిక్స్ గట్టిగా చెప్పే సైకాలజీ కోర్సు గానీ, కాగ్నిటివ్ సైన్స్ గానీ నీకు సరిపోయేలా కనిపిస్తోంది. ప్రోగ్రామింగ్ చేస్తున్నప్పుడు టైమ్ తెలియలేదంటే మాత్రం నాన్నగారి మాటే సరైందని సంతోషంగా ఒప్పుకో, సైకాలజీని మైనర్‌గా పెట్టుకో. ఒకవేళ నెల చివర రెండూ చప్పగానే అనిపిస్తే కంగారు పడకు. మొదటి ఏడాది రకరకాల పేపర్లు చదివి తర్వాత మేజర్ ప్రకటించే వీలున్న కాలేజీని వెతుకు. ఎవరు చెప్పినా, నేను చెప్పినా, ఆ నోట్‌బుక్‌లో ఉన్నదానికి విరుద్ధంగా ఉంటే నోట్‌బుక్‌నే నమ్ము.

ప్రయోగం పూర్తయ్యాక నాకు ఇంకో ఉత్తరం రాయి. ఫలితం ఏం వచ్చిందో కంటే, స్టాండర్డ్ డీవియేషన్ కట్టేటప్పుడు ఎలా అనిపించిందో, ప్రోగ్రామ్ మొదటిసారి పనిచేయనప్పుడు ఏం చేశావో రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం. సిలబస్‌లు కూడా జత చెయ్యి, కలిసి చూద్దాం.